ముందు ఆ కాగితం ఎవరి అవసరమో అడుగు

చిరంజీవి సుధకు, మామయ్య ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లోని మీ రెడింగ్ ఊరి చరిత్ర రాద్దామనుకుంటున్నానని నువ్వు ఫోన్లో అన్నప్పటి నుంచి మీ అత్తయ్యకు నా గోల వినడమే పనైపోయింది. "ఈయనకి ఇన్నాళ్లకి ఒక శిష్యురాలు దొరికింది, పాపం ఆ పిల్ల" అంటోంది. అక్కడ ఉద్యోగం చేసినన్నాళ్లూ సెలవు దొరికితే చాలు, ఆ ఊరి పాత కాగితాల్లో తలదూర్చి కూర్చున్నవాణ్ణి. ఆమె పడ్డ బాధ ఆమెది. ఇప్పుడు విజయవాడలో కూర్చున్నా ఆ పిచ్చి వదల్లేదు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

మొట్టమొదట ఒక మాట. రాజులతో మొదలుపెట్టకు. 1121లో మొదటి హెన్రీ రెడింగ్‌లో మఠం కట్టించాడు. 1136 జనవరిలో ఆయన్ని అక్కడే పాతిపెట్టారు. 1539లో ఎనిమిదో హెన్రీ ఆ మఠాన్ని మూయించి, మఠాధిపతి హ్యూ ఫారింగ్‌డన్‌ను ఆ ఊళ్లోనే చంపించాడు. జేన్ ఆస్టిన్ చిన్నప్పుడు ఆ మఠం గేటు దగ్గరి బడిలో కొన్నాళ్లు చదువుకుంది. ఆస్కార్ వైల్డ్ ఆ ఊరి జైల్లో శిక్ష అనుభవించాడు. ఇదంతా నిజమే. ఇదంతా ఎంతోమంది రాసేశారు కూడా. నువ్వుంటున్నది న్యూటౌన్‌లో, ఎర్ర ఇటుకల వరస ఇళ్లలో. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పక్కనే ఉన్న బిస్కెట్ ఫ్యాక్టరీ పనివాళ్లు కాపురాలు పెట్టిన పేట అది. నీ ఇంటి గురించి మాత్రం ఎవరూ రాయలేదు. అక్కడ మొదలుపెట్టు. ఈ రోజు నుంచి వెనక్కి, మెట్టు తర్వాత మెట్టు దిగు. మధ్యలో మెట్టు దాటేసి గెంతావా, కాలు ఎక్కడ పడుతుందో చెప్పలేం.

రెండో మాట చాలా ముఖ్యం. ఈ ఉత్తరమంతా నిజానికి దాని గురించే. ఆర్కైవ్స్‌లో నీ ముందుకొచ్చే ఏ కాగితమూ నీ కోసం రాసింది కాదు తల్లీ. పన్ను వసూలు చేసేవాడికి లెక్క కావలసి వచ్చింది, ఫాదరీకి పైవాళ్లకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది, దుకాణదారుకు గిరాకీ కావలసి వచ్చింది. ఎవరి అవసరం కోసమో పుట్టి, ఆ పని తీరాక కూడా ఏ అదృష్టం వల్లనో చించెయ్యకుండా మిగిలిన కాగితాన్నే మనం ఆధారం అంటున్నాం. కాబట్టి ఏది చేతికొచ్చినా ముందు అడుగు: దీన్ని ఎవరు రాయించారు? ఎందుకు రాయించారు? ఇందులోకి ఎవరిని రానివ్వలేదు? ఈ మూడింటికీ జవాబు దొరికిన తర్వాతే అందులో రాసి ఉన్నది నమ్మాలా వద్దా అని ఆలోచించు.

జనాభా లెక్కల్నే తీసుకో. 1801 నుంచి పదేళ్లకోసారి జరిగాయి గానీ, మొదట్లో సర్కారుకు కావలసింది తలల లెక్క ఒక్కటే. దేశమంతటా పేర్లు దొరికేది 1841 నుంచి. ఆ ఏడు పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును ఐదు చొప్పున కిందికి దించి రాయమన్నారు. ముప్పై నాలుగేళ్ల మనిషి కాగితం మీద ముప్పై అయ్యాడు. పుట్టిన ఊరు అడగలేదు, ఈ కౌంటీలోనే పుట్టావా అని మాత్రం అడిగారు. పుట్టిన ఊరు, ఇంటి యజమానికి ఏమవుతారు అన్నవి 1851 నుంచి తెలుస్తాయి. ఇంకో సంగతి. 1901 వరకు నువ్వు చూసే పుటలు ఇంటివాళ్లు రాసినవి కావు. ఎన్యూమరేటర్ ఇంటింటి ఫారాలు పోగుచేసుకుని తన పుస్తకంలోకి ఎక్కించుకున్న నకళ్లు. పేరులో ఒక అక్షరం తేడాగా ఉంటే మనిషి వేరని తీర్మానించెయ్యకు. తప్పు అతని కలానిది కావచ్చు.

1911 లెక్కల దగ్గర మాత్రం నింపాదిగా కూర్చో. అప్పటి నుంచి ఇంటి యజమాని స్వహస్తాలతో నింపిన ఫారమే మిగిలింది. పెళ్లయి ఎన్నేళ్లయింది, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు అని అందులో అడిగారు. ఇంట్లో ఎన్ని గదులున్నాయో కూడా రాయమన్నారు. డాక్టరు బుద్ధి కాబోలు, నాకు మిగతా గళ్లకంటే ముందు ఆ పిల్లల గడి మీదికే చూపు పోయేది. పుట్టినవాళ్లు తొమ్మిది, పోయినవాళ్లు నాలుగు అని ఒక తండ్రి తన చేత్తో రాసుకున్న ఫారం చూస్తే, ఆ ఇంటి చరిత్ర నీకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ప్రశ్న వాళ్లు జాలితో వెయ్యలేదు. జననాలు తగ్గిపోతున్నాయని సర్కారుకు బెంగ పట్టుకుంది, అందుకు వేశారు. అదే ఏడు, ఓటు హక్కు కోసం పోరాడుతున్న కొందరు ఆడవాళ్లు కావాలనే ఆ రాత్రి లెక్కకు చిక్కకుండా బయట గడిపారు. ఫారంలో ఆమె పేరు లేదంటే ఆ ఇంట్లో లేదనుకోవడానికి వీల్లేదు.

1921 ఫారాలు 2022 జనవరిలో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. ఆ తర్వాత పెద్ద గొయ్యి ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 లెక్కలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల లెక్కలే జరగలేదు. ఆ గొయ్యి దాటడానికి ఉన్న ఒకే ఒక్క బల్లకట్టు 1939 సెప్టెంబరు 29 నాటి రిజిస్టరు. గుర్తింపు కార్డుల కోసం, ఆ తర్వాత రేషన్ల కోసం పనికొచ్చింది. అటుతర్వాత మా నేషనల్ హెల్త్ సర్వీసు వాళ్లు కూడా దాన్నే వాడుకుంటూ వచ్చారు. అందుకే అప్పటికి పెళ్లికాని అమ్మాయి పేరు పక్కన తర్వాతి కాలంలో వేరే సిరాతో అత్తింటి పేరు చేర్చి ఉంటుంది. బతికి ఉండే అవకాశమున్నవాళ్ల వరసల మీద నల్లగీత కనిపిస్తుంది. ఇక ఆడవాళ్ల వృత్తి గడిలో పేజీల కొద్దీ ఒకటే మాట: జీతం లేని ఇంటి పని. అలా రాసినవాడు అబద్ధం చెప్పలేదు, మొత్తం నిజమూ చెప్పలేదు. ఇంట్లో బట్టలు కుట్టి, గదులు అద్దెకిచ్చి సంసారం ఈదిన ఆడవాళ్లు ఆ మాట వెనక బోలెడుమంది ఉంటారు.

లెక్కకూ లెక్కకూ నడుమ పదేళ్ల ఖాళీ ఉంటుంది కదా, దాన్ని పూడ్చడానికి కెల్లీ వంటివాళ్లు అచ్చేసిన వ్యాపార డైరెక్టరీలు చూడు. వీధివారీగా, ఇంటి నంబరు వారీగా పేర్లుంటాయి. చాలావాటిని లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. అయితే అది అమ్ముకోవడానికి వేసిన పుస్తకం. సమాచారం పోగయ్యేసరికి, అచ్చయ్యేసరికి నెలలు గడిచిపోతాయి కాబట్టి ఫలానా ఏటి పుస్తకంలో ఉన్నాడంటే ఆ ఏడు అక్కడ ఉన్నాడని గట్టిగా చెప్పలేం. ఇంటి యజమాని పేరే ఉంటుంది, కింద గదిలో అద్దెకున్నవాడి పేరుండదు. దుకాణదారు ఉంటాడు, కూలివాడు చాలాసార్లు ఉండడు. వీధి పేర్లూ ఇంటి నంబర్లూ మారుతుంటాయని కూడా మరిచిపోకు. అప్పటి పన్నెండో నంబరూ ఇప్పటి నీ పన్నెండో నంబరూ ఒకటేనా అన్నది మూల మీదున్న పబ్బునో చర్చినో పట్టుకుని, అక్కడి నుంచి ఒక్కో ఇల్లూ లెక్కపెట్టుకుంటూ వచ్చి తేల్చుకో.

దానికి పటాలు కావాలి. ఆర్డినెన్స్ సర్వే పాత పటాలు, ఇంగ్లండ్‌వి కూడా, స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వాళ్ల సైట్‌లో డబ్బు కట్టకుండా చూడొచ్చు. మైలుకు ఇరవై అయిదు అంగుళాల పటంలో నీ ఇంటి పెరడు కూడా కనిపిస్తుంది. ఒక దశాబ్దం పటంలో ఖాళీ పొలం, తర్వాతి పటంలో వరస ఇళ్లు ఉన్నాయనుకో, నీ ఇల్లు కట్టిన కాలం ఆ రెండింటి మధ్య చిక్కినట్టే. తర్వాత పురపాలక సంఘానికి ఇచ్చిన ఇళ్ల ప్లాన్లు ఉన్నాయేమో అడుగు. మురుగు, గాలి, వెలుతురు విషయంలో కట్టడి చెయ్యడానికి అడిగిన ప్లాన్లవి, మనకు కట్టినవాడి పేరు చెబుతాయి. 1910 ప్రాంతంలో లాయిడ్ జార్జ్ భూమి మీద పన్ను వెయ్యాలని దేశమంతా ఇళ్లకూ పొలాలకూ వెల కట్టించాడు. ఆ క్షేత్ర పుస్తకాలు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పన్ను ఎక్కువకాలం నిలవలేదు గానీ ఇంటి యజమాని ఎవరు, అద్దెకున్నదెవరు, ఇల్లు ఏ స్థితిలో ఉంది అన్న సమాచారం మనకు మిగిలింది.

హద్దుల సంగతి జాగ్రత్త. థేమ్స్ అవతల ఉన్న కావర్‌షామ్ ఇవాళ రెడింగ్‌లో భాగమే. కానీ 1911 దాకా అది ఆక్స్‌ఫర్డ్‌షైర్. అవతలి ఒడ్డు మనిషి కోసం బెర్క్‌షైర్ కాగితాలే తిరగేస్తూ కూర్చుంటే దొరకడు, ఆక్స్‌ఫర్డ్‌షైర్ హిస్టరీ సెంటర్‌ను కూడా అడగాలి. చర్చి హద్దులు మళ్లీ వేరు. రెడింగ్ 1836 దాకా సాలిస్‌బరీ బిషప్ కింద, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ బిషప్ కింద ఉంది. సాలిస్‌బరీ వాళ్ల కాగితాలు చిప్పెన్‌హామ్‌లో ఉన్నాయి. పటాల్లోనూ ఇదే తంతు. 1611 ప్రాంతంలో జాన్ స్పీడ్ అచ్చేయించిన పటాల్లో రెడింగ్ ఊరి ప్లాను ఉంది. బెర్క్‌షైర్ పుట తీస్తే కనపడదు. అక్కడ విండ్సర్ కోట బొమ్మకే పెద్దపీట వేశారు. మన ఊరి ప్లాను పొరుగు కౌంటీ బకింగ్‌హామ్‌షైర్ పుటలో ఓ మూల కూర్చుంది. రాజుగారి కోట ముందు మామూలు ఊరికి చోటు ఎక్కడ ఇస్తారో ఆ పుటే చెబుతుంది.

ఇంకా వెనక్కి పోతే చర్చి రిజిస్టర్లు. పుట్టిన, పెళ్లయిన, చనిపోయినవాళ్ల వివరాలు సర్కారు నమోదు చెయ్యడం 1837 జూలైలో మొదలైంది. అంతకుముందు ఆధారం 1538లో థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో మొదలైన ఈ రిజిస్టర్లే. రెడింగ్‌లో పాత పారిష్‌లు మూడు: సెయింట్ మేరీ, సెయింట్ లారెన్స్, సెయింట్ గైల్స్. వాటిలో ఉండేది బాప్టిజం తారీఖు, పుట్టిన రోజు కాదు. ఆ చర్చికి రానివాళ్లు వాటిలో ఉండరు. దీనికి రెడింగ్‌లోనే చక్కని ఉదాహరణ ఉంది. 1822లో లండన్ స్ట్రీట్‌లో బిస్కెట్ దుకాణం పెట్టిన జోసెఫ్ హంట్లీ, 1841లో భాగస్వామిగా చేరి ఆ వ్యాపారాన్ని ఆకాశానికెత్తిన జార్జ్ పామర్ క్వేకర్లు. క్వేకర్లకు బాప్టిజం లేదు. ఊరికి ఇంత పేరు తెచ్చినవాళ్ల కుటుంబాల కోసం చర్చి రిజిస్టర్లలో వెతికితే చేతికేం దొరుకుతుంది? క్వేకర్లు తమ జనన మరణాలు తామే రాసుకున్నారు, ఆ పుస్తకాలు క్యూలో ఉన్నాయి.

వీలునామాలు చదవడానికి బాగుంటాయి, వాటితోపాటు మనిషి పోయాక ఇంట్లోని సామాన్లకు గది గదీ తిరిగి వెలకట్టిన జాబితాలు ఇంకా బాగుంటాయి. వంటగదిలో ఏ గిన్నెలున్నాయి, మేడ మీద మంచాలెన్ని, దుకాణంలో సరుకెంత, అప్పులెవరికెంత. 1858 జనవరి దాకా వీలునామాల పెత్తనం చర్చి కోర్టులది. కాస్త ఆస్తిపరుల వీలునామాలు క్యూలోనూ, ఊరివాళ్లవి కౌంటీ ఆర్కైవ్స్‌లోనూ వెతుకు. 1858 తర్వాత దేశమంతటికీ ఒకటే ప్రొబేట్ సూచీ. అయితే ఆస్తి లేనివాడు వీలునామా రాయడు. 1882 చట్టం వచ్చేదాకా పెళ్లయిన ఆడదాని ఆస్తి సాధారణంగా మొగుడిదే కాబట్టి ఆమె వీలునామాలు అరుదు. వీలునామాలే చదివి ఊరి చరిత్ర రాస్తే అందులో అందరూ మగవాళ్లే, అందరూ ఉన్నవాళ్లే ఉంటారు.

మరి పేదవాడు ఎక్కడ కనిపిస్తాడు? అతన్ని ఊళ్లోంచి పంపించెయ్యాలని చూసినప్పుడు కనిపిస్తాడు. 1662 చట్టం ప్రకారం ఏ పేదవాడి భారం ఏ పారిష్ మొయ్యాలో తేల్చాలి. సాయమడిగినవాణ్ణి మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి, ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నావు, ఎవరింట్లో ఏడాది పాటు జీతానికి ఉన్నావు, పెళ్లెక్కడైంది అని అడిగి రాసుకునేవారు. అడిగినవాళ్ల ఉద్దేశం పక్క ఊరికి తోసెయ్యడం. వాళ్లకు తెలియకుండానే సంతకం రాని ఒక పాలేరు బతుకంతా ఒక పుటలోకి ఎక్కింది. కింద అతని సంతకానికి బదులు ఒక ఇంటూ గుర్తు. ఈ విచారణ కాగితాలు దొరికితే మాత్రం వదలకు. రాజుగారి శాసనాలకంటే విలువైనవి.

నేను చాలాకాలం డ్యూటీ చేసిన బాటిల్ హాస్పిటల్ సంగతి నీకు తెలుసు, ఆక్స్‌ఫర్డ్ రోడ్డు మీద ఉండేది, 2005లో మూసేశారు. అది మొదట 1867 నాటి వర్క్‌హౌస్. తిండికి గతిలేనివాళ్లను పనిచేయించుకుని ఉంచిన చోటే తర్వాత ఆస్పత్రి అయింది. నా దగ్గరికి వచ్చిన ముసలివాళ్లలో కొందరు అక్కడ చేరమంటే మొహం మాడ్చుకునేవారు. వాళ్ల తాతల కాలం భయం ఆ గోడలకు ఇంకా అంటుకుని ఉండేది. ఈ ముక్క ఏ రిజిస్టరులోనూ లేదు. ఇంకా వెనక్కి వెళితే, 1086 నాటి డూమ్స్‌డే బుక్‌లో రెడింగ్ దగ్గర ససెక్స్‌లోని బాటిల్ మఠానికి భూమి ఉన్నట్టు రాసి ఉంది. ఆస్పత్రి పేరు ఆ భూమి నుంచి వచ్చిందే. కాబట్టి ఒకే చోటుకు విలియం రాజు పన్నుల పుస్తకం, వర్క్‌హౌస్ బోర్డు మినిట్లు, నర్సుల జ్ఞాపకాలు మూడూ ఆధారాలే. మూడింటినీ పక్కపక్కన పెట్టినప్పుడే ఆ చోటు పూర్తిగా అర్థమవుతుంది.

ఊళ్లో పత్రికలకు కొదవలేదు. రెడింగ్ మెర్క్యురీ 1723లో మొదలైంది. బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్‌లో పాత సంచికలు వెతకొచ్చు. వార్తలకంటే ప్రకటనలు చదువు. వేలాలు, ఖాళీ ఇళ్లు, పారిపోయిన అప్రెంటిస్‌లు, తప్పిపోయిన గుర్రాలు... ఊరు ఎలా బతికిందో అక్కడ తెలుస్తుంది. కంప్యూటర్ పాత అచ్చును తప్పుగా చదువుతుంది కాబట్టి ఒక స్పెల్లింగ్‌తో దొరక్కపోతే నాలుగు రకాలుగా వెతుకు, లేదా తారీఖు పట్టుకుని పుటలు తిప్పు.

బొమ్మల విషయంలో మీ ఊరిది పెద్ద చరిత్ర. ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన ఫాక్స్ టాల్బట్ ప్రింట్లు పెద్ద ఎత్తున తీసిన స్టూడియో 1840ల మధ్యలో రెడింగ్‌లోనే, ఇప్పటి బేకర్ స్ట్రీట్‌లో ఉండేది. నికోలాస్ హెన్నెమన్ దాన్ని నడిపాడు. ఆ స్టూడియో పెరడు ఫొటో ఒకటి మిగిలింది, రెండు ముక్కలు కలిపి చూడాలి. ఒకడు కెమెరా దగ్గర, ఒకడు ఎదురుగా కుర్చీలో, ఇంకోపక్క ఎండలో ఆరబెట్టినట్టు వరసగా ప్రింటు చట్రాలు. పని మధ్యలో తీసినట్టుంటుంది కానీ ఆ రోజుల్లో కెమెరా ముందు అంతసేపు కదలకుండా ఉండాలంటే అందర్నీ చెప్పి నిలబెట్టాల్సిందే. ఫొటో కూడా ఎవరో ఒకరు నిలబెట్టి తీయించిన కాగితమే.

బిస్కెట్ ఫ్యాక్టరీ దగ్గరికొద్దాం, నీ పేటకు ప్రాణం అదే కదా. హంట్లీ అండ్ పామర్స్ వాళ్ల డబ్బాలు ఇండియాతో సహా లోకమంతా తిరిగాయి. 1900 నాటికి ఆ ఫ్యాక్టరీలో అయిదు వేల మందికి పైగా పనిచేశారు. 1976లో రెడింగ్‌లో బిస్కెట్ల తయారీ ఆగిపోయింది. కంపెనీ కాగితాలు రెడింగ్ విశ్వవిద్యాలయం స్పెషల్ కలెక్షన్స్‌లో ఉన్నాయి, డబ్బాలు రెడింగ్ మ్యూజియంలో చూడొచ్చు. కంపెనీ తన గురించి చెప్పుకున్న పుస్తకాల్లో విహారయాత్రలు, క్రికెట్ మైదానాలు, దయగల యజమానులు ఉంటారు. జీతాల పుస్తకాల్లో గంటకు ఎంత, ఆలస్యమైతే కోత ఎంత వంటివి వెతుకు. మొదటిది పదిమందికి చూపించడానికి, రెండోది పైసా తేడా రాకుండా చూసుకోవడానికి. రెండోదాన్నే ఎక్కువ నమ్ము.

ఇక విన్నమాటల సంగతి. ఫోర్బరీ గార్డెన్స్‌లోని పెద్ద ఇనుప సింహాన్ని చూసే ఉంటావు. 1880లో అఫ్గానిస్తాన్‌లో మైవాండ్ యుద్ధం చేసిన 66వ బెర్క్‌షైర్ రెజిమెంటు వాళ్లలో ఆ దండయాత్రలో చనిపోయిన 329 మందికి స్మారకం, 1886లో నిలబెట్టారు. దాన్ని చేసిన శిల్పి జార్జ్ సైమండ్స్ సింహం కాళ్లు తప్పుగా పెట్టానని తెలుసుకుని ఆత్మహత్య చేసుకున్నాడని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఆయన 1929 దాకా శుభ్రంగా బతికాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో కొడుకును పోగొట్టుకుని, పని మానేసినవాడు మళ్లీ ఉలి పట్టి బ్రాడ్‌ఫీల్డ్‌లో యుద్ధ స్మారకం చేశాడు. ఇది తేల్చడానికి మహా పరిశోధన అక్కర్లేదు. మరణాల సూచీ, ప్రొబేట్ సూచీ ఒక పూట తిరగేస్తే చాలు. అయినా ఆ కథను పారెయ్యకు. ఊరు ఏం నమ్మింది అన్నదీ చరిత్రే. "ఇలా చెప్పుకుంటారు, ఇది నిజం కాదు" అని రెండూ రాయి.

ఆ సింహం పీఠం మీదున్న పేర్లు చదివి ఊరుకోకు. ఆ రోజు మైవాండ్‌లో ఆ దళంతో కలిసి పోరాడి బాంబే సైన్యం సిపాయిలు కూడా పెద్దసంఖ్యలో చనిపోయారు. వాళ్ల పేర్లు అక్కడ ఉండవు. ఆ స్మారకం ఒక కౌంటీ తన పిల్లల కోసం కట్టుకున్నది, అందులో తప్పు పట్టేదేం లేదు. కానీ నువ్వు రాసేటప్పుడు వాళ్లను కూడా తలచుకోవాలంటే బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల దాకా నడవాలి. ఇండియా నుంచి వెళ్లిన పిల్లవి, ఆ ఖాళీ నీ కంటికి తొందరగా ఆనుతుంది. ఆ చూపును వదులుకోకు.

పెద్దలు రాసిన పుస్తకాలు చదవొద్దని కాదు. 1802లో చార్లెస్ కోట్స్, 1816లో జాన్ మాన్ రెడింగ్ చరిత్రలు రాశారు. విక్టోరియా కౌంటీ హిస్టరీ బెర్క్‌షైర్ మూడో సంపుటం 1923లో వచ్చింది, బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్‌లో ఉచితం. 1431 నుంచి 1654 దాకా ఊరి కార్పొరేషన్ దినచర్యను గిల్డింగ్ అనే ఆయన 1890లలో నాలుగు సంపుటాలుగా అచ్చేశాడు. అవి ముందు చదివితే ఎవరు ఏ కాగితాన్ని ఎక్కడ చూశారో తెలుస్తుంది. వాటిని దారి అడగడానికి వాడుకో, ఊరు చేరామనుకోకు. ఒకరి పొరపాటు ఇంకొకరి పుస్తకంలోకి, అక్కడి నుంచి మరొకరి పుస్తకంలోకి పోతూ ఉంటుంది. మూడు పుస్తకాల్లో ఉంది కదా అని మూడు సాక్ష్యాలు అనుకోవద్దు.

ఇంట్లో కూర్చుని లాప్‌టాప్‌లో లోకమంతా గాలించే ముందు మీ ఊరి లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగానికి వెళ్లు. లేకపోతే పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టే అవుతుంది. డబ్బు కట్టి చూడాల్సిన వంశవృక్షాల సైట్లు కొన్ని లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి, అడుగు. తర్వాత కోలీ అవెన్యూలోని రాయల్ బెర్క్‌షైర్ ఆర్కైవ్స్. పాత పుస్తకాల్లో బెర్క్‌షైర్ రికార్డ్ ఆఫీస్ అని ఉండేది అదే. వెళ్లేముందు కేటలాగ్ చూసి, కావలసిన దస్త్రాల నంబర్లు రాసి ముందే చెప్పు. పెన్ను తీసుకెళ్లకు, పెన్సిల్ ఒక్కటే రానిస్తారు. అక్కడి ఆర్కైవిస్టుల దగ్గర గొప్పలకు పోవద్దు. "నాకు ఫలానా వీధిలో 1890ల నాటి ఇళ్లు ఎవరు కట్టారో కావాలి" అని సూటిగా అడిగితే నువ్వు కలలో కూడా అనుకోని పెట్టె తీసి ముందు పెడతారు. "రెడింగ్ చరిత్ర కావాలండీ" అంటే పాపం వాళ్లు మాత్రం ఏం ఇవ్వగలరు?

చేతిరాత మొదట్లో బెంబేలెత్తిస్తుంది. పదహారు, పదిహేడు శతాబ్దాల రాత చదవడం నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితంగా నేర్పుతారు. రోజూ అరగంట కూర్చో, పది రోజులకు కళ్లు అలవాటుపడతాయి. 1733 దాకా కోర్టు కాగితాలు చాలావరకు లాటిన్‌లో ఉంటాయి. వాటిలో మాటలు పదేపదే అవే వస్తాయి కాబట్టి భయపడకు. తారీఖుల దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో. 1752కు ముందు ఇంగ్లండ్‌లో సంవత్సరాది మార్చి 25. కాగితం మీద 1650 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1651. ఈ ఒక్క ముక్క తెలియక పెళ్లికి ముందే పిల్లలు పుట్టినట్టు రాసి ఎంతోమంది ఇల్లాళ్ల పరువు తీసినవాళ్లున్నారు.

ఏ కాగితం చూసినా ఆర్కైవ్స్ పేరు, దస్త్రం నంబరు, పుట, చూసిన తారీఖు అక్కడికక్కడే రాసుకో. వెతికినా దొరకని చోట్లు కూడా రాసుకో, రేపు మళ్లీ అదే పెట్టె తెరవకుండా ఉంటావు. ఇతరులు అచ్చులో పెట్టిన సూచీలో దొరికిన పేరును అసలు పుట చూడకుండా నమ్మకు. నువ్వు కాగితంలో చూసిందొక రంగులో, నీ ఊహ ఇంకో రంగులో రాసుకో. రెండూ కలిసిపోయాయంటే ఆ తర్వాత నువ్వు కూడా విడదీయలేవు.

ఇంకొక్క పని, దీన్ని మాత్రం వాయిదా వెయ్యకు. ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లలో ఇంకా బతికున్నవాళ్ల వయసు ఇప్పుడెంతో ఆలోచించు. నీ వీధి ముసలమ్మల దగ్గర, బార్బడోస్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల దగ్గర, మన తెలుగువాళ్లలో ముందుగా వచ్చినవాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడించు. అనుమతి అడిగి రికార్డు చెయ్యి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ మాట్లాడారో రాసిపెట్టు. మనిషి మాట కూడా కాగితంలాంటిదే, తన అవసరం కొద్దీ కొంత దాచుతుంది. గుచ్చి గుచ్చి అడక్కు, తోచిన దారిన చెప్పనివ్వు. అవన్నీ ఒక కాపీ ఆర్కైవ్స్‌కు ఇచ్చెయ్యి. రేపు ఎవరో నీ పేటను గురించి రాయబోతూ నీ ఫైలు తెరిచి, ఈ సుధ ఎవరు, దీన్ని ఎందుకు రాసింది, ఎవరిని వదిలేసింది అని అడుగుతారు. వాళ్లు అడుగుతారని గుర్తుపెట్టుకునే రాయి. మొదటి పుటలోనే నీ సంగతి చెప్పెయ్యి: ఎప్పుడొచ్చావు, ఈ వీధిలో ఎందుకున్నావు, ఏం వెతికావు, ఏం వెతకలేదు.

శనివారం లైబ్రరీకి వెళ్లు. 1911 ఫారంలో మీ ఇంట్లో ఎవరున్నారో, ఎన్ని గదుల్లో ఎంతమంది సర్దుకున్నారో చూసి ఆదివారం ఫోన్ చెయ్యి. నేనూ మీ అత్తయ్యా ఎదురుచూస్తుంటాం. ఆమె పైకి విసుక్కుంటుంది గానీ, నాకంటే ముందు తనే ఫోనెత్తుతుంది చూడు.

ఇట్లు,
మీ మామయ్య